గృహనిర్వాహకత్వము: దారి బత్తెములో బీమా కూడా



గత మాసములో ఒక శనివారము సాయంత్రము మేము ఆదివారపు ప్రసంగమునకు సిద్ధపడుచుండగా, మా సంఘపెద్ద ఒకాయన భార్యను వెంటబెట్టుకొని పార్సనేజీకి వచ్చారు. వారి కుమార్తె, అల్లుడు అమెరికాలో డల్లాస్ పట్టణములో ఉంటున్నారు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. తల్లిదండ్రులిద్దరికీ వీసాలు వచ్చాయి. టిక్కెట్లు అల్లుడే కొన్నాడు. ఇక మిగిలినది ప్రయాణ బీమా ఒక్కటే. ఆయన చేతిసంచిలో నుండి రెండు కాగితములు తీసి బల్లమీద పరచి, "అయ్యగారూ, ఈ రెంటిలో ఏది తీసుకోమంటారు? ఇది చవక. అది దాదాపు రెండింతలు. టౌనులో ఏజెంటేమో చవకదే చాలంటున్నాడు. ఊరికే కాగితము చేతిలో ఉంటే చాలునట" అన్నారు.

ఇంతలో లోపలి నుండి టీ వచ్చింది. ఆమె గ్లాసు అందుకోబోతూ ఆగి, "అమ్మగారూ, నాకు చక్కెర లేకుండా ఇస్తారా?" అని మెల్లగా అడిగింది.

ఆ సమయమునకు మేము చవక పాలసీ ఫారము చూస్తున్నాము. షుగరు, బీపీ, గుండెజబ్బు వంటివి ఏమైనా ఉన్నాయా అనే ప్రశ్నకు ఎదురుగా, ఆమె పేరు క్రింద 'లేదు' అని అప్పటికే టిక్కు పెట్టి ఉంది. "ఇది ఎవరు నింపారు?" అని అడిగాము. "ఏజెంటేనండి. ఉందని రాస్తే రిపోర్టులు అడుగుతారట, డబ్బు ఎక్కువవుతుందట. అందరూ ఇట్లాగే రాస్తారట" అన్నారు ఆయన.

మేము కొంతసేపు ఏమియు మాట్లాడలేకపోయాము. అటువంటి టిక్కు మాకు క్రొత్త కాదు. 2016లో ఒకటి మా చేతితో మేమే పెట్టాము. ఆ సంగతి ఈ పేజీలో చెప్పుట మాకు సులభము కాదు. కాని అది చెప్పకుండా బీమా గూర్చి సలహాలు ఇచ్చుట న్యాయము కాదని చెబుతున్నాము.

మేము నింపిన ఫారము

పల్లెలో కాపరి పని ప్రసంగముతో తీరదని మీకు తెలిసినదే. రేషను కార్డు అర్జీ మొదలు పాస్‌పోర్టు ఫారము వరకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు అవసరమైన ప్రతి కాగితము పార్సనేజీకే వస్తుంది. ఆ సంవత్సరము మా సంఘములోని ఒక విధవరాలైన సహోదరి, వయస్సు 61, న్యూజెర్సీలోని కుమారుని వద్దకు వెళ్ళుటకు సిద్ధపడింది. బీమా ఫారము తెచ్చి మా ముందు పెట్టింది. "అమ్మా, జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగాము. "ఏమున్నాయి అయ్యగారూ! రోజూ పొద్దున ఒక బిళ్ళ వేసుకుంటాను, అంతే" అన్నది. ఒక్క బిళ్ళేగదా అని 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాము. అది బీపీ బిళ్ళ.

ఆమె వెళ్ళిన మూడవ వారములో పక్షవాతము వచ్చింది. కుమారుడు ఆసుపత్రిలో చేర్చాడు. బీమా కంపెనీవారు ఇక్కడి డాక్టరు దగ్గర పాత మందుల చీటీలు తెప్పించి చూచారు. ఏండ్ల తరబడి బీపీకి మందు వాడుతూ ఫారములో దాచిపెట్టారని వ్రాసి, క్లెయిము త్రోసివేశారు. వాదించుదామన్నా వాదన ఏమున్నది? ఫారములోని చేతివ్రాత మాదే. ఆసుపత్రివారికి అర్జీ పెట్టుకొనగా బిల్లులో కొంత తగ్గించారు. మిగిలినది కుమారుడు వాయిదాల మీద కట్టుకొన్నాడు. ఇక్కడ ఆమె పేర ఉన్న రెండెకరముల మాగాణి అమ్ముడుపోయింది.

ఆమె దేవుని కృపవలన తిరిగి వచ్చింది. ఇప్పటికీ చేతికర్రతో వచ్చి స్త్రీలవైపు రెండవ వరుసలో కూర్చుంటుంది. ఒక్కసారి కూడా మమ్మును నిందించలేదు. "మీరేం చేస్తారు అయ్యగారూ, నేను సరిగ్గా చెప్పలేదుగదా" అంటుంది. అడిగినవారము మేమే, వ్రాసినవారము మేమే. 'ఆ బిళ్ళ దేనికమ్మా?' అనే ఒక్క ప్రశ్న అడిగియుంటే ఆ పొలము మిగిలేదేమో అన్న తలంపు నేటికీ మమ్మును వదలలేదు.

ఆ రోజునుండి బీమా కాగితములను శ్రద్ధగా చదువుట నేర్చుకొన్నాము. నేర్చుకొన్నదంతా ఒక్క మాటలో చెప్పవలెనంటే ఇది: మనము భరించగలిగిన నష్టము దగ్గర పొదుపు చేయవచ్చును, మనము భరించలేని నష్టము దగ్గర, నిజము చెప్పవలసిన గడి దగ్గర మాత్రము పొదుపు చేయకూడదు.

భరించగలిగినది, భరించలేనిది

ప్రయాణ బీమా పాలసీ ఒకే వస్తువు కాదు, సంతలో కట్టిన మూట వంటిది. అందులో ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. పెట్టె పోతే ఇచ్చే సొమ్ము, విమానము ఆలస్యమైతే ఇచ్చే సొమ్ము, పాస్‌పోర్టు పోతే అయ్యే ఖర్చు, ప్రయాణము రద్దయితే వచ్చే సొమ్ము, ప్రమాదములో మరణిస్తే కుటుంబమునకు వచ్చే సొమ్ము, మృతదేహమును స్వదేశమునకు తెచ్చే ఖర్చు కూడ ఉంటాయి. వీటన్నిటిని ఒకే తూనికలో తూచకూడదు.

పెట్టె పోయిందనుకొనండి. నాలుగు చీరలు, రెండు పచ్చడి సీసాలు, మనుమరాలికి కుట్టించిన గౌన్లు పోతాయి. మనస్సుకు కష్టమే గాని ఇల్లు కూలదు. అదే అమెరికాలో ఆసుపత్రిలో చేరవలసి వస్తే రోజుకు వేల డాలర్ల లెక్కన బిల్లు వస్తుంది. శస్త్రచికిత్స కూడ జరిగితే లక్ష డాలర్లు దాటుట అక్కడ అరుదు కాదు. అది మన పొలములు, ఇండ్లు అమ్మినా తీరని మాట. బీమా ముఖ్యముగా ఈ రెండవదాని కొరకే. పెట్టెకు ఎంత ఇస్తారని చూచి పాలసీ ఎంచుకొనుట, ఇంటికి గోడలు లేకుండా గుమ్మమునకు రంగు వేయించుట వంటిది.

డబ్బు తగ్గించుకొనగల చోట్లు

1. దేశము సరిచూడండి. మన కంపెనీల పాలసీలలో సాధారణముగా 'అమెరికా, కెనడాలతో కలిపి' అని ఒకటి, 'అమెరికా, కెనడాలు మినహా' అని ఒకటి ఉంటాయి. మొదటిదానికి ప్రీమియం బాగా ఎక్కువ, ఎందుకంటే అక్కడ వైద్యము అంత ఖరీదు. దుబాయికో, యెరూషలేముకో వెళ్ళేవారు అమెరికా కలిసిన పాలసీ కొనవలసిన పనిలేదు.

2. దినములు సరిచూడండి. ప్రీమియం దినముల లెక్కన పెరుగుతుంది. మూడు నెలలకు వెళ్ళేవారు ఆరు నెలలకు కట్టనక్కరలేదు. అయితే తిరుగు టిక్కెట్టు తేదీతో ముగించక ఒక వారము ఎక్కువ వ్రాయించుకొనండి. పొడిగించవలసి వస్తే గడువు తీరకముందే అడగవలెను. త్వరగా తిరిగి వస్తే మిగిలిన దినముల సొమ్ములో కొంత వెనుకకు ఇచ్చే కంపెనీలు కూడ ఉన్నాయి. ఆ షరతును కొనేటప్పుడే అడిగి తెలిసికొనండి.

3. మొదటి కొంత మీరే పెట్టుకొనండి. చాలా పాలసీలలో 'డిడక్టిబుల్' అని ఒక మాట ఉంటుంది. అనగా బిల్లులో మొదటి యాభై డాలర్లో, వంద డాలర్లో మనము పెట్టుకొంటే ఆపైన కంపెనీ పెడుతుంది. ఈ మొత్తమును ఎంచుకొనే వీలున్న చోట కొంచెము పెద్దది ఎంచుకొంటే ప్రీమియం తగ్గుతుంది. అలా మిగిలిన డబ్బుతో మొత్తము బీమా సొమ్మును పెంచుకొనండి. చిన్న జ్వరము ఖర్చు మనమే పెట్టుకొని, పెద్ద జబ్బుకు కంపెనీని నిలబెట్టుట తెలివైన పని.

4. అలంకారములు వదలివేయండి. టిక్కెట్టు రద్దు, ఇంట్లో దొంగతనము, ఆటల సాహసములు మొదలైనవి విడిగా చేర్చుకొనే పాలసీ అయితే, మనకు అక్కరలేనివి చేర్చుకొనవద్దు.

5. రెండు పర్యాయములు కొనవద్దు. విమాన టిక్కెట్టు కొనేటప్పుడు ఒకటి, ఏజెంటు దగ్గర మరొకటి, అక్కడ అల్లుడు వేరొకటి కొన్న కుటుంబములను మేమెరుగుదుము. ఆసుపత్రి బిల్లు ఎంతయితే అంతకే సొమ్ము వస్తుంది గాని ఒకే బిల్లుకు రెండు రెట్లు రాదు. ప్రమాద మరణమునకు ఇచ్చే సొమ్ము సంగతి వేరు. అది ఏ పాలసీకి ఆ పాలసీ విడిగా ఇస్తుంది. కాబట్టి ముందుగా ఇంట్లో అందరూ మాట్లాడుకొని ఒకరే కొనండి.

6. బయలుదేరకముందే వైద్యము చేయించుకొనండి. పుచ్చిన పన్ను, కండ్లజోడు, మామూలు పరీక్షలు ప్రయాణ బీమాలో రావు. వచ్చినా తక్షణము నొప్పి తగ్గించుట వరకే. ఇవన్నీ ఇక్కడే ముగించుకొనండి. ఉండే దినములకు సరిపడ మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకొనండి.

7. అక్కడ ఎక్కడికి వెళ్ళవలెనో తెలిసికొనండి. అమెరికాలో జ్వరము, దగ్గు, చిన్న గాయము వంటి వాటికి 'అర్జెంట్ కేర్' అనే క్లినిక్కులున్నాయి. పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీ గది కంటె అక్కడ బిల్లు ఎంతో తక్కువ. ప్రాణము మీదికి వస్తే మాత్రము తడవు చేయక ఎమర్జెన్సీకే వెళ్ళవలెను. కంపెనీ హెల్ప్‌లైను నంబరు పాస్‌పోర్టు అట్టలో పెట్టండి. ఆసుపత్రిలో చేరిన వెంటనే వారికి తెలియజేయవలెను. ఆలస్యమైతే దానినే సాకుగా చూపే ప్రమాదమున్నది.

తగ్గించకూడని చోట్లు

మొదటిది, మొత్తము సొమ్ము. 50,000 డాలర్ల పాలసీ మన రూపాయలలో లెక్కిస్తే కొండంత కనబడుతుంది. కాని ఖర్చు రూపాయల దేశములో జరుగదు. అమెరికా వెళ్ళే పెద్దవారికి లక్ష డాలర్లకు తక్కువ తీసికొనవద్దని, వీలైతే రెండున్నర లక్షలు తీసికొనమని మా సలహా. జర్మనీ, ఇటలీ వంటి షెంగెన్ దేశములకు వెళ్ళేవారికి వీసా నియమమే కనీసము 30,000 యూరోల వైద్య బీమా ఉండవలెనని చెబుతుంది. అమెరికా సందర్శక వీసాకు అటువంటి నియమము లేదు. లేదు గనుక మన వారు దానిని తేలికగా తీసికొంటున్నారు. ఎవరూ అడగకపోయినా ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడు అడుగుతుంది.

రెండవది, లోపలి హద్దులు. 60 ఏండ్లు దాటినవారి పాలసీలలో కొన్నిటికి 'సబ్‌లిమిట్' ఉంటుంది. పైన లక్ష డాలర్లని వ్రాసినా, లోపల గది అద్దెకు ఇంత, ఐసియుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని చిన్న చిన్న హద్దులు గీస్తారు. ఒక్క గదికి ఆ హద్దు దాటితే మిగిలినది మన చేతినుండే పెట్టవలెను. చవక పాలసీ ఎందుకు చవక అన్నది ఎక్కువగా ఇక్కడే దాగియుంటుంది. అమెరికాలో పిల్లలు అక్కడి కంపెనీ పాలసీ కొన్నా ఇదే జాగ్రత్త అవసరము. అక్కడ 'ఫిక్స్‌డ్ బెనిఫిట్' అనేవి ఒక్కొక్క చికిత్సకు ముందుగా నిర్ణయించిన కొద్ది సొమ్మే ఇస్తాయి. 'కాంప్రిహెన్సివ్' అనేవి ప్రీమియం ఎక్కువైనా, డిడక్టిబుల్ పోగా బిల్లులో పెద్ద భాగమును పాలసీ మొత్తము వరకు భరిస్తాయి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి ధర మాత్రమే పోల్చకూడదు.

మూడవది, నిజము. ఇది మా నొప్పి గనుక విడిగా చెబుతున్నాము. ముందునుండి ఉన్న జబ్బుకు చాలా పాలసీలు పూర్తిగా సొమ్ము ఇవ్వవు. ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదియు కొంత హద్దు వరకే ఇస్తాయి. కొన్ని పాలసీలు ఎక్కువ ప్రీమియం తీసికొని ఎక్కువ హద్దు ఇస్తాయి. ఉన్నది ఉన్నట్లు వ్రాస్తే కనీసము ఆ హద్దు వరకు సొమ్ము వస్తుంది, సంబంధము లేని జబ్బులకు పూర్తిగా వస్తుంది. దాచితే మొత్తము పాలసీయే చెల్లదని అనుటకు కంపెనీకి అవకాశము దొరుకుతుంది. కట్టిన ప్రీమియం కూడ నీళ్ళపాలు. ఫారము ఏజెంటు నింపినా, అల్లుడు నింపినా, అయ్యగారు నింపినా, సంతకము మీది. రోజూ వేసుకొనే ప్రతి బిళ్ళను బల్లమీద పెట్టి, ఇది దేనికి, ఎన్నాళ్ళనుండి అని అడిగిన తరువాతనే ఆ గడిలో టిక్కు పెట్టించండి.

నిజము చెప్పి కూడ అన్యాయము జరిగితే ఊరకుండవద్దు. ముందు కంపెనీకే వ్రాతమూలముగా ఫిర్యాదు చేయండి. 30 దినములలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. మనకు అది హైదరాబాదులో ఉన్నది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డిఏఐ ఫోను నంబరు 155255.

అమెరికా వెళ్ళనివారి మాట

ఇదంతా అమెరికా పిల్లలున్నవారి గొడవ, మాకెందుకని కొందరు ఈ పేజీ త్రిప్పివేయవచ్చును. ప్రయాణము చేయనివారు మనలో ఎవరూ లేరు.

కోనసీమ నుండి, కడప ప్రాంతము నుండి, జగిత్యాల, నిజామాబాదు వైపు నుండి గల్ఫుకు వెళ్ళే బిడ్డలు ఎందరో ఉన్నారు. పదవ తరగతి పాసు కాక, ఇసిఆర్ పాస్‌పోర్టు మీద పనికి వెళ్ళేవారికి 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' తప్పనిసరి. రెండు సంవత్సరములకు 275 రూపాయలు, మూడు సంవత్సరములకు 375 రూపాయలు. ప్రమాదములో మరణించినా, శాశ్వతముగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. బీమా పేరు చెప్పి ఏజెంటు వేలు అడిగితే ఈ అంకెలు చూపించండి. అయితే విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరేవారికి ఈ పాలసీ ఉండదు. ఖర్చు తక్కువని ఆ త్రోవన వెళ్ళే బిడ్డ ఈ కాపుదల కూడ వదలుకొని వెళ్తున్నాడని తల్లిదండ్రులు తెలిసికొనవలెను.

యెరూషలేము యాత్రకు వెళ్ళేవారు టూరు ప్యాకేజీలో 'బీమా ఉన్నది' అన్న ఒక్క మాటతో తృప్తిపడవద్దు. పాలసీ కాగితము అడిగి తీసికొనండి. వైద్యమునకు సొమ్ము ఎంత, మీ వయస్సుకు వర్తిస్తుందా అని చూడండి. మరియొక సంగతి: యుద్ధమువలన కలిగే నష్టములు సాధారణ ప్రయాణ పాలసీలలో మినహాయింపు. 2023 అక్టోబరు 7న అక్కడ యుద్ధము మొదలైనప్పుడు యాత్రలు మధ్యలోనే ఆగిపోయాయి. యాత్ర రద్దయితే డబ్బు ఎవరు, ఎంత వెనుకకు ఇస్తారో టూరు నిర్వాహకుల చేత ముందే వ్రాయించుకొనండి.

రైలు ప్రయాణము చూడండి. ఐఆర్‌సిటిసిలో టిక్కెట్టు తీసికొనేటప్పుడు 45 పైసలు కడితే ఒక్కొక్క ప్రయాణికునికి బీమా ఉంటుంది. రైలు ప్రమాదములో మరణమునకు, శాశ్వత పూర్తి వైకల్యమునకు 10 లక్షలు, పాక్షిక వైకల్యమునకు 7 లక్షల 50 వేల వరకు, ఆసుపత్రి ఖర్చునకు 2 లక్షల వరకు వస్తుంది. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోరు దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదములో 290 మందికి పైగా మరణించినప్పుడు, ఆ బండిలో మన తెలుగువారు కూడ ఎందరో ఉన్నారు. బీమా గడిలో టిక్కు పెట్టినవారెవరు, పెట్టనివారెవరు అన్న ప్రశ్న అప్పుడు బాధిత కుటుంబముల ముందుకు వచ్చింది. ఈ బీమా ఆన్‌లైను టిక్కెట్టుకే గాని స్టేషను కౌంటరు టిక్కెట్టుకు లేదు. వెయిటింగు లిస్టులో ఉండిపోయిన టిక్కెట్టుకు లేదు. కట్టిన తరువాత ఫోనుకు వచ్చే లింకులో నామినీ పేరు నింపుట చాలామంది మరచిపోతున్నారు. ఆ పని మీ యౌవనస్థుల చేత చేయించండి.

బ్యాంకు ఖాతా ఉన్న 18 నుండి 70 ఏండ్ల వారికి 'ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన' ఉన్నది. సంవత్సరమునకు 20 రూపాయలు. బస్సులో గాని, మోటారు సైకిలు మీద గాని, పొలము గట్టు మీద గాని ప్రమాదవశాత్తు మరణిస్తే కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వస్తాయి. మే నెలాఖరున ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే పాలసీ ఆగిపోతుంది. పశువుల పాలు పోసే ఖాతాయే గనుక మే మాసములో ఒకసారి పాస్‌బుక్కు చూచుకొనండి.

చివరిగా మన సంఘముల పొరపాటు ఒకటి. ఉజ్జీవ కూటములకు, పెండ్లిండ్లకు లారీలలో, ట్రాక్టరు ట్రక్కులలో జనమును ఎక్కించి పంపుతున్నాము. సరుకులు మోసే బండిలో ఊరికే ఎక్కినవారికి ఆ బండి బీమా వర్తించదు. సుప్రీంకోర్టు తీర్పులు కూడ ఆ మాటే చెప్పాయి. బస్సు అద్దె ఎక్కువని ట్రాక్టరు కట్టించుకొనుట పొదుపు కాదు, 40 మంది ప్రాణములతో పందెము. ఇక మీదట మా సంఘము కూటములకు బస్సులోనే వెళ్తుందని, లేదా వెళ్ళదని కమిటీలో తీర్మానించాము.

బీమా అవిశ్వాసమా?

ఒక పెద్దమ్మ మమ్మును సూటిగా అడిగింది: "దేవుడు కాపాడతాడని మీరే చెబుతారు, మరల బీమా కట్టమంటారు. ఇదేమి మాట అయ్యగారూ?" ఆమెకు మంచి సమరయుని సంగతి జ్ఞాపకము చేశాము. దారిలో దెబ్బలు తిని పడియున్న పరదేశిని అతడు గాయములు కట్టి వదలిపెట్టలేదు. సత్రమునకు చేర్చి, యజమాని చేతిలో డబ్బు పెట్టి, ఇంకను ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని మాట ఇచ్చాడు. పరాయిచోట పడిపోయినవానికి ఎవరో ఒకరు బిల్లుకు పూచీ పడవలసినదే. మన అల్లుడు, మన కొడుకు అప్పుల పాలై ఆ పూచీ పడకుండ ముందే ఏర్పాటు చేసికొనుట వారిమీద మనకున్న ప్రేమయే గాని అవిశ్వాసము కాదు. పెద్దమ్మ కొంచెము ఆలోచించి, "అయితే సమరయుడు కూడ లెక్క చూచుకొన్నాడన్నమాట" అని నవ్వింది.

ఆ శనివారము సాయంత్రపు కథ

మా సంఘపెద్ద దంపతులకు ఆ సాయంత్రము మా పాత సంగతి అంతయు చెప్పాము. చేతికర్ర సహోదరి కథ వారికి తెలుసు గాని ఫారము ఎవరు నింపారో తెలియదు. ఆయన తల వంచుకొని విన్నారు. ఆమె మాత్రము కొంగు ముడి విప్పి, అందులో చుట్టిపెట్టుకొన్న మందుల చీటీ తీసి బల్లమీద పెట్టింది. షుగరుకు రెండు, బీపీకి ఒకటి. "ఎనిమిదేండ్లనుండి వాడుతున్నాను. మా ఆయనకు ఖర్చు పెరుగుతుందని ఏజెంటు ముందు నోరెత్తలేదు" అన్నది.

చవక ఫారము అక్కడే చించివేశాము. అల్లునికి ఫోను చేసి, ఇక్కడి పాలసీ ఒక్కటే కొందుము, అక్కడ మరొకటి కొనవద్దని చెప్పాము. దినములు 180 నుండి 120కి తగ్గించాము, తిరుగు ప్రయాణము అప్పటికే ఉన్నది గనుక. అక్కరలేని అదనములు తీసివేయించాము. వైద్యమునకు సొమ్ము మాత్రము పెంచాము, లోపలి హద్దులు లేని పాలసీ చూచాము, మూడు బిళ్ళల పేర్లు స్పష్టముగా వ్రాయించాము. చివరకు లెక్క చూస్తే మొదటి చవక పాలసీ కంటె ఎక్కువే అయినది గాని, ఆ రెండింతల పాలసీ కంటె చాలా తక్కువైనది. ఆ తేడా డబ్బుతో ఆయన పండ్ల డాక్టరు దగ్గరకు వెళ్ళి చాలకాలముగా బాధపెట్టుచున్న దవడ పన్ను తీయించుకొన్నారు.

ఈ మాటలు మీరు చదివే సమయమునకు వారు డల్లాసులో మనుమరాలినో, మనుమనినో ఎత్తుకొని ఉంటారు. వారికి ఆ పాలసీతో పని పడకూడదని మా ప్రార్థన. పని పడితే మాత్రము, ఆ ఫారములో చించిపారవేయవలసిన అబద్ధము ఒక్కటియు లేదు.

మీ ఇంటినుండి ఎవరైనా దూరప్రయాణమునకు సిద్ధపడుచుంటే, ఈ వారమే ఫారము బయటికి తీసి, మందుల డబ్బా ప్రక్కన పెట్టుకొని, ఇద్దరు కలిసి మరల ఒకసారి చదవండి. మీ ప్రయాణములన్నియు క్షేమముగా సాగును గాక.